ఆకలిని తగ్గించే సూదిమందు: కడుపులో ఏం జరుగుతుంది?
(తార్నాకలో జరిగిన ఆరోగ్య అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది తెల్లవారుజామున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆర్ట్స్ కాలేజీ వైపు నడిచేవారే. ఆ నడకలో ఈ మధ్య బరువు తగ్గించే ఇంజెక్షన్ల మాటే వినిపిస్తోంది. "వారానికి ఒక సూది వేసుకుంటే ఆకలే ఉండదట కదా డాక్టరుగారూ?" అని అడుగుతున్నారు. అది సగం నిజం.

మనం భోజనం చేయగానే ప్రేగుల నుండి జి.ఎల్.పి.-1 అనే హార్మోను విడుదలవుతుంది. "ఇక చాలు" అని మెదడుకు కబురు పంపుతుంది. జీర్ణాశయం నుండి ఆహారం ప్రేగుల్లోకి జారే వేగాన్ని తగ్గిస్తుంది. కాని అది రక్తంలో రెండు నిమిషాలకే సగమైపోతుంది. సెమాగ్లూటైడ్ అనే మందు దానిని పోలినదే. ఇది సగం కావడానికి సుమారు వారం పడుతుంది. టిర్జెపటైడ్ జి.ఐ.పి. అనే మరో హార్మోను పని కూడా చేస్తుంది. 2025లో వెగోవీ, మౌంజారో పేర్లతో ఇవి మన దేశంలో విడుదలయ్యాయి.

స్థూలకాయుల్ని "తిండిపోతు" అని ఎగతాళి చేసేవారు ఇది గమనించాలి. ఆకలి కేవలం మనోబలం కాదు, హార్మోన్ల పని కూడా.

మొన్న ఒక తల్లి మా ఓ.పి.కి వచ్చారు. బంధువుల దగ్గర మిగిలిన పెన్ను తెచ్చుకొని, మొదటిసారే పెద్ద మోతాదు వేసుకున్నారు. ఆ మర్నాడే పెళ్ళి విందు. నెమ్మదించిన కడుపులో నూనె వంటకాలు పడితే ఏమవుతుంది? మూడు రోజులు వాంతులు. మూత్రం కూడా తగ్గిపోయి సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. అందుకే అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెలకొకసారి పెంచుతారు. వికారం, మలబద్ధకం, విరేచనాలు మొదట్లో సాధారణమే. కొద్ది వారాల్లో చాలామందికి తగ్గుతాయి. కడుపులో విడవని తీవ్రమైన నొప్పి వస్తే మాత్రం ఆలస్యం చేయకండి. క్లోమం వాపో, పిత్తాశయంలో రాళ్ళో కావచ్చు. ఒకరి పెన్ను మరొకరు వాడనే కూడదు.

బి.ఎం.ఐ. 30 దాటినవారికి, లేదా 27 దాటి మధుమేహం, రక్తపోటు వంటివి ఉన్నవారికి ఈ మందు. గర్భిణులు వాడరాదు. షుగరుకు ఇన్సులిన్ వాడేవారికి చక్కెర మరీ పడిపోవచ్చు.

2021లో వెలువడిన పరిశోధనలో సెమాగ్లూటైడ్ వాడినవారు 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గారు. మందు ఆపిన ఏడాదికి అందులో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగారు. తగ్గిన బరువులో కండ కూడా ఉంటుంది. కనుక తినే నాలుగు ముద్దల్లో మాంసకృత్తులు ఉండాలి. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. మన కంచంలో అన్నమే కొండంత, పప్పు గరిటెడు! నడక అయ్యాక చాయ్‌తో నాలుగు ఉస్మానియా బిస్కెట్ల సంగతి నేనడగను.

ఆపరేషను ఉంటే, ఈ సూది వాడుతున్నట్లు మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. పరగడుపున ఉన్నా కడుపులో ఆహారం మిగిలి ఉండవచ్చు.

ఆ తల్లి బి.ఎం.ఐ. 32. మందు ఆమెకు తగినదే. ఇప్పుడు చిన్న మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టారు. రాత్రి అన్నం తగ్గించి పప్పు, కోడిగుడ్డు తింటున్నారు.