ఛాంపియన్ అయ్యారు, ఐదు నెలల్లో మూతపడ్డారు: జెర్సీ రెడ్స్ కథ

ఈరోజు ఎపిసోడ్ ఆటల గురించి. క్రికెట్ కాదు, ఫుట్‌బాల్ కాదు, రగ్బీ. ఆగండాగండి, అప్పుడే వీడియో మార్చేయకండి! రగ్బీలో ఒక్క రూలు తెలియకపోయినా ఈ కథ మీకు అర్థమవుతుంది. ఇది కష్టపడి ఫస్ట్ వచ్చినవాళ్ళని పైక్లాసులోకి రానివ్వకపోతే ఏమవుతుందో చెప్పే కథ.

ముందు ఒక చిన్న ప్రశ్న. జెర్సీ అనగానే మీకేం గుర్తొస్తుంది? చాలామందికి నాని సినిమా. ఇంట్లో పాడి ఉన్నవాళ్ళకైతే జెర్సీ ఆవు. ఆటగాళ్ళు వేసుకునే చొక్కాని జెర్సీ అంటాం కదా, సినిమాకి ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. మరి ఆ చొక్కాకి, మన పాకలో ఉన్న ఆవుకి ఒకే పేరు ఎలా వచ్చింది? రెండూ ఒకే దీవి నుంచి వచ్చాయి కాబట్టి. ఆ దీవి పేరే జెర్సీ.

ఇంగ్లండ్‌కి, ఫ్రాన్స్‌కి మధ్య సముద్రంలో, ఫ్రాన్స్ తీరానికి దగ్గరగా ఉంటుంది. జనాభా లక్ష పైచిలుకు. అంటే మన దగ్గర ఒక మోస్తరు పట్టణం అంత. బ్రిటన్ రాజు కిందే ఉంటుంది గానీ, సాంకేతికంగా బ్రిటన్‌లో భాగం కాదు. వాళ్ళ ప్రభుత్వం వాళ్ళదే. ఈ దీవిలో 1879లో ఒక రగ్బీ క్లబ్ పుట్టింది. ఆ క్లబ్ జట్టే తర్వాత జెర్సీ రెడ్స్ అయింది. ఈరోజు కథ వాళ్ళదే.

ఇంగ్లండ్ రగ్బీ ఎలా నడుస్తుందో ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. మన దేశంలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది, హైదరాబాద్ హీరోస్ అని మన టీమ్ కూడా ఉంది. అది 2025లో మొదలైన లీగ్. అందులో ఒక జట్టుకి ఏడుగురు. నేను చెప్పేది పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్. ఈ కథ జరిగినప్పుడు ఇంగ్లండ్‌లో దీని పై అంతస్తు పేరు ప్రీమియర్‌షిప్. దాని కింద రెండో అంతస్తు పేరు అప్పట్లో ఛాంపియన్‌షిప్. పేరు చూసి మోసపోకండి, పేరు ఛాంపియన్‌షిప్పే గానీ ఉండేది రెండో స్థానంలో. దాని కింద నేషనల్ లీగ్ వన్, ఇంకా కింద ప్రాంతీయ లీగులు. అప్పటి పద్ధతి ప్రకారం ప్రతి ఏడాదీ కిందివాళ్ళలో గెలిచినవాళ్ళు ఒక మెట్టు పైకి ఎక్కాలి, పైన ఆఖర్న నిలిచినవాళ్ళు ఒక మెట్టు దిగాలి. ఐపీఎల్‌లో ఇది లేదు. ఎన్నేళ్ళు ఆఖర్న వచ్చినా ఆ జట్టు అక్కడే ఉంటుంది. ఇంగ్లండ్‌లో మాత్రం ఈ నిచ్చెన మీదే అభిమానుల ఆశంతా నడుస్తుంది.

జెర్సీ వాళ్ళు ఈ నిచ్చెన ఒక్కో మెట్టూ ఎక్కి 2012లో ఛాంపియన్‌షిప్‌లోకి వచ్చారు. దీవిలో ఉండి ఇంగ్లండ్ లీగ్ ఆడటం అంటే ఎలా ఉంటుందో ఊహించండి. ఏడాదికి పదకొండు సార్లు సముద్రం దాటి వెళ్ళి ఆడాలి. మిగతా పదకొండు జట్లూ సముద్రం దాటి వీళ్ళ దగ్గరికి రావాలి. శీతాకాలంలో పొగమంచు పట్టి విమానాలు ఆగిపోతే ఏంటి పరిస్థితి? అలాంటి చోట పదేళ్ళు రెండో అంతస్తులో నిలబడ్డారు.

ఇప్పుడు 2022-23 సీజన్‌కి వద్దాం. మొత్తం 12 జట్లు. ప్రతి జట్టూ మిగతా జట్లతో సొంత గ్రౌండ్‌లో ఒకసారి, బయట ఒకసారి ఆడాలి. అంటే 22 మ్యాచ్‌లు. గెలిస్తే 4 పాయింట్లు. నాలుగు ట్రైలు కొడితే ఒక బోనస్ పాయింట్. ట్రై అంటే బంతిని అవతలివాళ్ళ గీత దాటించి నేలకి ఆనించడం, దానికి స్కోరులో 5 పాయింట్లు. ఓడినా సరే, 7 పాయింట్లు లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడితే ఒక బోనస్ ఇస్తారు. ప్లేఆఫ్ లేదు, ఫైనల్ లేదు. 22 మ్యాచ్‌ల తర్వాత పట్టికలో పైన ఎవరుంటే వాళ్ళే ఛాంపియన్. ఒక్కరోజు అదృష్టం కలిసొస్తే గెలిచేసే టైపు కాదు ఇది.

ఆ 12 జట్లలో రకరకాల వాళ్ళున్నారు. ఈలింగ్ ట్రైల్‌ఫైండర్స్ అని పశ్చిమ లండన్ జట్టు, వెనక పెద్ద ట్రావెల్ కంపెనీ డబ్బుంది. కాల్డీ అని లివర్‌పూల్ దగ్గరి జట్టు, ఆటగాళ్ళు వారమంతా ఉద్యోగాలు చేసుకుని శనివారం వచ్చి ఆడతారు. కాల్డీకి రెండో అంతస్తులో అదే మొదటి ఏడాది. హార్ట్‌పురీ అయితే ఒక యూనివర్సిటీకి చెందిన జట్టు. ఇంకా కోవెంట్రీ, బెడ్‌ఫర్డ్, కార్నిష్ పైరేట్స్ లాంటి పాత క్లబ్బులు.

అందరూ ఈలింగే గెలుస్తుంది అనుకున్నారు. అంతకుముందు ఏడాది ఛాంపియన్లు వాళ్ళే మరి. కానీ కోచ్ హార్వీ బిల్జాన్ తయారుచేసిన జెర్సీ జట్టు ఈలింగ్‌ని రెండో స్థానానికి నెట్టి ఛాంపియన్ అయింది. క్లబ్ చరిత్రలో మొదటిసారి.

మామూలుగా అయితే ఇక్కడ హ్యాపీ ఎండింగ్ పడిపోవాలి. ఛాంపియన్ అయ్యారు, ప్రీమియర్‌షిప్‌లోకి వెళ్ళారు, శుభం. కానీ వెళ్ళలేదు. ఎందుకంటే ప్రీమియర్‌షిప్‌కి వెళ్ళాలంటే గెలిస్తే సరిపోదు, కనీస ప్రమాణాలు అని ఒక లిస్టు ఉంటుంది. ఆ లిస్టులో అప్పట్లో అసలైన అడ్డంకి ఒకటే అంకె: 10,001. గ్రౌండ్‌లో కనీసం 10,001 మంది పట్టాలి. అంతకుముందు ఏడాది ఈలింగ్ గెలిచినప్పుడు కూడా గ్రౌండ్ చాలదు అని ఇదే కారణంతో ఆపేశారు. ఇంగ్లండ్ రగ్బీని నడిపే సంస్థ పేరు రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్, పొట్టిగా ఆర్ఎఫ్‌యూ. ఆ నిర్ణయం వాళ్ళదే. జెర్సీ గ్రౌండ్ కూడా ఆ అంకెకి దరిదాపుల్లో లేదు.

నిజాయతీగా మాట్లాడుకుందాం. ఆ రూలు పూర్తిగా తప్పు అని నేను అనను. టీవీలో వచ్చే పెద్ద లీగ్‌కి ఒక స్థాయి ఉండాలి, జనం భద్రత ఉండాలి, టికెట్ల ఆదాయం ఉండాలి. అది సరే. కానీ అవతలి వైపు చూడండి. మొత్తం లక్ష మంది ఉన్న దీవిలో పదివేల సీట్ల స్టేడియం ఎవడు కడతాడు? పైకి వెళ్తామని గ్యారంటీ ఉంటే అప్పు తెచ్చి కట్టొచ్చు. కానీ స్టేడియం ఉంటేనే పైకి రానిస్తామంటారు. మనవాళ్ళు అంటారు కదా, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అని. అచ్చం అదే.

ఇంకో తమాషా చెప్తాను. అప్పుడు పైన ఖాళీలు లేవా అంటే, బోలెడున్నాయి! 2022-23 ప్రీమియర్‌షిప్ 13 జట్లతో మొదలైంది. 2022 అక్టోబర్ కల్లా వూస్టర్ వారియర్స్, వాస్ప్స్ అనే రెండు పెద్ద క్లబ్బులు అప్పుల్లో మునిగి లీగ్ నుంచి పోయాయి. 2023 జూన్‌లో లండన్ ఐరిష్ కూడా పోయింది. 13 కాస్తా 10 అయ్యాయి. అంటే మూడు కుర్చీలు ఖాళీ. అయినా కింద గెలిచిన జట్టుకి ఒక్క కుర్చీ దొరకలేదు. పోయిన మూడు క్లబ్బులకీ ప్రమాణాలకి సరిపడా స్టేడియం ఉందని గుర్తుపెట్టుకోండి. లిస్టులో సీట్లు లెక్కపెట్టారు గానీ, ఆ సీట్లు ఖాళీగా ఉంటే జీతాలు ఎలా ఇస్తారో చూసుకోలేకపోయారు.

ఇప్పుడు డబ్బు విషయం. ఛాంపియన్‌షిప్ క్లబ్బులకి ఆర్ఎఫ్‌యూ ఏటా కొంత సాయం ఇచ్చేది. ఒక్కో క్లబ్‌కి దాదాపు 5 లక్షల 34 వేల పౌండ్లు, అప్పటి లెక్కన సుమారు 5 కోట్ల రూపాయలు. 2020 ఫిబ్రవరిలో దాన్ని 2 లక్షల 88 వేలకి తగ్గిస్తున్నామని ప్రకటించారు. అంటే సగం దాకా కోత. గమనించండి, ఇది కరోనా లాక్‌డౌన్‌కి ముందు మాట! ఆ తర్వాత కరోనా వచ్చి గేట్లు మూసేసింది. పెద్ద టీవీ డబ్బు పై అంతస్తులోనే ఆగిపోతుంది. మరి కింద క్లబ్బులు బతికేది ఎలా? ఊళ్ళో నలుగురైదుగురు డబ్బున్న అభిమానులు జేబులోంచి పెడితే. జెర్సీ కూడా అలా పెట్టుబడిదారుల మీద ఆధారపడిన క్లబ్బే. ఆ బలహీనత వాళ్ళదే, అది ఒప్పుకోవాలి.

కానీ డబ్బు పెట్టేవాడు ఒక్క ప్రశ్న అడుగుతాడు: రేపు ఏంటి? 2024 నుంచి రెండో అంతస్తుని కొత్తగా మారుస్తాం అని మాటలు నడుస్తున్నాయి. ఎన్ని జట్లు ఉంటాయి, ఎంత డబ్బు ఇస్తారు, ఎవరికీ స్పష్టంగా చెప్పలేదు. జెర్సీ ఛైర్మన్ మార్క్ మోర్గాన్ తర్వాత బహిరంగంగానే చెప్పారు. వసంతకాలం నుంచి మమ్మల్ని చీకట్లో ఉంచారు, ఈ అనిశ్చితి చూసి పెట్టుబడిదారులు వెనక్కి తగ్గారు అని ఆయన మాటల సారాంశం.

ఇక 2023 సెప్టెంబర్. కొత్త సీజన్ మొదట్లో ప్రీమియర్‌షిప్ జట్లతో కలిపి ఒక కప్పు పోటీ పెట్టారు. జెర్సీ దీవికి బాత్ జట్టు వచ్చింది. బాత్ అంటే ఇంగ్లండ్‌లో పేరున్న క్లబ్. ఫ్రాన్స్‌లో ప్రపంచ కప్ జరుగుతోంది కాబట్టి వాళ్ళ స్టార్లు కొందరు లేరు, అది నిజమే. అయినా స్కోరు చూడండి: జెర్సీ 34, బాత్ 10. అదే బాత్ ఆ సీజన్ చివర్లో ప్రీమియర్‌షిప్ ఫైనల్ ఆడింది. ఆ మరుసటి ఏడాది ఏకంగా ఛాంపియన్ అయింది.

మరి జెర్సీ? అదే సెప్టెంబర్ 28న ఆటగాళ్ళకి, సిబ్బందికి ఉత్తరం వచ్చింది. డబ్బు లేదు, జీతాలు ఇవ్వలేం, క్లబ్ కార్యకలాపాలు ఆపేస్తున్నాం అని. ఛాంపియన్ హోదాలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండానే ఆ ప్రొఫెషనల్ జట్టు కథ ముగిసింది.

టైమింగ్ ఒక్కసారి ఆలోచించండి. సెప్టెంబర్ ఆఖరంటే మిగతా క్లబ్బులన్నీ అప్పటికే ఆటగాళ్ళని తీసేసుకున్నాయి. కౌన్సెలింగ్ అంతా అయిపోయి కాలేజీలు మొదలయ్యాక, మీ కాలేజీ మూసేశాం, వేరేది చూసుకోండి అంటే ఎలా ఉంటుంది? అలా. దీవిలో అద్దె ఇళ్ళు, పిల్లల స్కూళ్ళు, అన్నీ వదిలి సామాను సర్దుకోవాలి. ఏం తప్పు చేశారు వాళ్ళు? ఫస్ట్ వచ్చారు, అంతే.

అయితే ఇక్కడితో ఆపేస్తే మీకు సగం కథే చెప్పినట్టు. ఆ సీజన్ పట్టికలో అట్టడుగున రిచ్‌మండ్ అనే జట్టు ఉంది. 1861లో పుట్టిన చాలా పాత క్లబ్. 1999లో రిచ్‌మండ్ ప్రీమియర్‌షిప్‌లో ఉండగానే యజమాని చేతులెత్తేశాడు, దివాలా తీసింది. ఆ క్లబ్‌నీ, లండన్ స్కాటిష్‌నీ తీసుకెళ్ళి లండన్ ఐరిష్‌లో కలిపేశారు. అవును, 2023లో మూతపడిన ఆ లండన్ ఐరిష్‌లోనే! కానీ రిచ్‌మండ్, స్కాటిష్ అభిమానులు ఊరుకోలేదు. అమెచ్యూర్ జట్లుగా అట్టడుగు నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. రిచ్‌మండ్ 2016లో రెండో అంతస్తుకి చేరింది. 2023లో మళ్ళీ కిందకి పడింది. 2025లో నేషనల్ లీగ్ వన్ గెలిచి మళ్ళీ వచ్చింది. అక్కడ నిచ్చెన పనిచేసింది కాబట్టి రాగలిగింది.

నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పాలనుకున్నది ఇదే. మధ్య మెట్లు బాగున్నంత కాలం పడినవాళ్ళు కూడా లేచి వస్తారు. పైమెట్టు పీకేస్తే గెలిచినవాళ్ళు కూడా పడిపోతారు. 2021లో సారసెన్స్ ఎక్కిన తర్వాత 2022, 2023, 2024, 2025, ఈ నాలుగేళ్ళూ కింద నుంచి ఒక్క జట్టు కూడా ప్రీమియర్‌షిప్‌కి వెళ్ళలేదు. 2024, 2025 రెండుసార్లూ ఛాంపియన్ మళ్ళీ ఈలింగే, రెండుసార్లూ అక్కడే ఆగింది.

జెర్సీ దీవిలో రగ్బీ అయితే చావలేదు. అమెచ్యూర్ జట్టు ఉంది, జీతం లేకుండా ఇష్టంతో ఆడేవాళ్ళు కింది లీగుల్లో ఆడుతున్నారు. మళ్ళీ ఎక్కుతారా? రిచ్‌మండ్‌కి పదిహేడేళ్ళు పట్టింది. వీళ్ళకి ఎంత పడుతుందో చూద్దాం.

మీకో ప్రశ్న వదిలేసి వెళ్తాను. ఒక లీగ్‌లోకి రావడానికి గెలుపు ముఖ్యమా, స్టేడియం ముఖ్యమా? రెండూ అనకండి, ఒకటే చెప్పాలి. ఎందుకో కూడా రాయండి, మంచి జవాబులు వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను.