కళాశాల చదువు: ఖర్చు, ప్రవేశము, ఆర్జన

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవమునాడు గ్రంథాలయమును ప్రశంసించుట ఆచారము. ఇరువదియైదేండ్లు ఈ దీపము కొండెక్కకుండ కాపాడినవారికి ఆ ప్రశంస తగును. ఆ పనిని నాకు ముందు మాటలాడిన పెద్దలు చక్కగా నెరవేర్చిరి. కావున నేను వేరొక విషయమెత్తుకొనుచున్నాను. ఇంటర్మీడియెటు ఫలితములు వచ్చిన మరునాటినుండి మన పఠనమందిరములలో వార్తలు చదువువారికంటె కళాశాలల ప్రకటనలు చదువువారే ఎక్కువ. పిల్లవానిని ఎక్కడ చేర్పింపవలెను? ఎంత అగును? చదివి బయటికి వచ్చిన పిమ్మట ఎంత వచ్చును? ఈ మూడు ప్రశ్నలను ముందుగా అడుగక, పొలము అమ్మిన తరువాత అడిగి విచారించువారు మన సీమలో తక్కువ కారు. కనుక బి.ఏ., బి.కాం., బి.యస్సీ. చెప్పు కళాశాలను నేడు త్రాసులో పెట్టి తూచి చూతము. మన పెద్దలు దానిని ఆర్ట్సు కాలేజీ యనిరి. నేడు నగరములలో లిబరల్ ఆర్ట్స్ అను పేరుతో అదియే క్రొత్త గౌరవము పొందుచున్నది.

ఈ చదువు మనకు క్రొత్తది కాదు. రాబర్టు నోబుల్ అను ఇంగ్లీషు మిషనరీ 1843లో మచిలీపట్టణమున పాఠశాల నెలకొల్పెను. అదియే కాలక్రమమున నోబుల్ కళాశాల అయ్యెను. మొదట అది అగ్రవర్ణముల బాలురను ఉద్దేశించి నడచినది. అనగా దాని ద్వారము ఇరుకు. ఆ ఇరుకు తెలివినిబట్టి ఏర్పడినది కాదు, పుట్టుకనుబట్టి ఏర్పడినది. తరువాత బందరులోనే 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1928లో హిందూ కళాశాల వెలసెను. 1950లో గుడివాడకు కళాశాల వచ్చెను. 2008లో మచిలీపట్టణమున కృష్ణా విశ్వవిద్యాలయమే స్థాపితమయ్యెను. ఒకనాడు పట్టాకై మద్రాసు విశ్వవిద్యాలయము వంక చూచిన సీమకు విశ్వవిద్యాలయము బస్సు దూరమునకు వచ్చినది. ద్వారము వెడల్పయిన కథ ఇది.

ఆ ఇరుకు ద్వారము నుండి వచ్చినవారు ఏమి ఆర్జించిరి? పందొమ్మిదవ శతాబ్ది చివరి నాళ్ల నోబుల్ కళాశాలలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు అధ్యాపకులు. వారి శిష్యులు ముట్నూరి కృష్ణారావుగారు, కోపల్లె హనుమంతరావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు. ఒకరు కృష్ణాపత్రికకు సంపాదకులై తమ జీవితమును దానికే ధారపోసిరి. ఒకరు న్యాయవాద వృత్తిని విడనాడి జాతీయ కళాశాలకు అంకితమై 1922లో కీర్తిశేషులైరి. ఒకరు వైద్యులై యుండి 1923లో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిరి. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమగు వరకు దాదాపు నూరేండ్లు రైతు గుమ్మములో నిలిచినది. నేటి పద్ధతిని పట్టభద్రుల జీతముల పట్టిక వేసినచో హనుమంతరావుగారి యెదుట సున్న వ్రాయవలసివచ్చును. కాని ఒక్క అధ్యాపకుని శిష్యులు ఒక సీమకు పత్రికను, బ్యాంకును, కళాశాలను ఇచ్చిరి. విద్యార్జనను లెక్కించునపుడు విద్యార్థి జేబును మాత్రమే చూచిన లెక్క సగము లెక్క.

అయితే జేబును చూడనక్కరలేదని నేను చెప్పుటలేదు. జాతీయ కళాశాల చరిత్రయే అందులకు సాక్ష్యము. గ్రంథ విద్యతోపాటు చేతిపనులు, చిత్రలేఖనము నేర్పవలెనని, దొరతనమువారి అదుపునకు లోబడరాదని స్థాపకులు సంకల్పించిరి. మహత్తర సంకల్పము. కాని ప్రభుత్వోద్యోగమునకు పనికివచ్చు పట్టా కోరిన తల్లిదండ్రులు పిల్లలను వేరొకచోటికి పంపుట సహజము. ఆదర్శము గొప్పదైనను విద్యార్థి అన్నమునకు దారి చూపనిచో తరగతి గదులు నిండవు. ఇది నిందకాదు, పాఠము.

ఇక ఖర్చు మాట. గుడివాడ కళాశాల అక్కినేని నాగేశ్వరరావుగారి పేర వెలయుచున్నది. ఆయన స్వయముగా ప్రాథమిక పాఠశాలతో చదువు ఆగిన రైతుబిడ్డ. తనకు దక్కని కళాశాల చదువు తన ప్రాంతపు పిల్లలకు దక్కవలెనని విరాళమిచ్చిరి. ఇట్టి దాతల వలన మనకు కలిగిన మేలు ఒక్కటే: పిల్లవాడు ఇంటి అన్నము తిని, ఉదయపు బస్సెక్కి, కళాశాలకు పోయి, సాయంకాలమునకు ఇల్లు చేరగలడు. నగరమున హాస్టలు పెట్టి చదివించువారికి ఈ మేలు విలువ తెలియును.

ఖర్చనగా ఫీజు మాత్రమే కాదు. ఉదాహరణకు ఒక లెక్క వేయుదము. పదిలక్షల అప్పు నూటికి పదునొకండు వడ్డీకి తెచ్చితిమనుకొనుడు. ఏటికి వడ్డీయే 1,10,000 రూపాయలు. నెలకు తొమ్మిదివేలు దాటును. చదివిన పిల్లవాడు నగరమున నెలకు ఇరువదివేల ఉద్యోగమున కుదిరి, గదికి, భోజనమునకు పదివేలు ఖర్చుపెట్టినచో, మిగిలినది వడ్డీకి సరి. అసలు అట్లే నిలిచియుండును. మరియొక ఖర్చు కంటికి కనబడదు. నెలకు పండ్రెండువేలు తేగల యువకుడు మూడేండ్లు చదువునకు కూర్చున్నచో 4,32,000 రూపాయల కూలి వదలుకొన్నాడు. కాబట్టి ఫీజు లేని కళాశాలయైనను అధ్యాపకుడు రాక, ప్రయోగశాల తెరువక, పరీక్షనాడు మాత్రమే హాజరు చూచునదైనచో, అది చౌక కళాశాల కాదు. అన్నిటికంటె ఖరీదైనది అదియే.

ప్రభుత్వము ఫీజు చెల్లించును గదా యని మీరనవచ్చును. నిజమే, పేద కుటుంబములకు అది పెద్ద ఆసరా. కాని కన్వీనరు కోటాలో వచ్చిన సీటునకు, యాజమాన్య కోటాలో కొన్న సీటునకు ఆ విషయమున భేదము కలదు. చేర్చునాడే ఆ మాట వ్రాతపూర్వకముగా తెలిసికొనుడు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన దివిసీమవారికి ఆస్తి ఎంత అస్థిరమో నేను చెప్పనక్కరలేదు. ఇల్లు పోయినను, పొలము ఉప్పుపట్టినను, నేర్చిన చదువు పోలేదు. కాని చదువుకై చేసిన అప్పు కూడ ఉప్పెనకు పోవునది కాదు.

రెండవది ప్రవేశము. ఏ కళాశాల ఎక్కువమందిని త్రోసిపుచ్చునో అదియే గొప్పదని లోకమున ఒక భ్రమ కలదు. 2002లో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అను ఇరువురు అమెరికా పరిశోధకులు ఈ విషయమును పరీక్షించిరి. సమాన ప్రతిభ కలిగి, కఠిన ప్రవేశముగల కళాశాలలకు దరఖాస్తు పెట్టుకొన్న విద్యార్థులలో, అచట చదివినవారికిని, వేరొకచోట చదివినవారికిని తరువాతి ఆర్జనలో మొత్తముమీద చెప్పదగిన భేదము కానరాలేదు. విత్తనము మంచిదైనచో ఏ మడిలోనైనను పండుననుట. కాని వారే ఒక మినహాయింపు చెప్పిరి. పేద కుటుంబముల పిల్లలకు మాత్రము ఆ కళాశాలల వలన మేలు కలిగెను. కారణము ఊహింపవచ్చును. ధనికుని బిడ్డకు ఉద్యోగము చూపుటకు మేనమామ, పినతండ్రి ఉందురు. కౌలురైతు బిడ్డకు కళాశాలయే మేనమామ.

దీనినిబట్టి మనము నేర్వదగినది కలదు. వంశమున మొదటిసారి కళాశాల మెట్లెక్కు పిల్ల తెలివైనదైనచో, దగ్గరలో నున్నదను కారణమున మాత్రమే ఆమె దారి మూయరాదు. ఇరుకు ద్వారము గలవన్నియు ఖరీదైనవి కావు. 2014లో హర్యానాలో అశోకా విశ్వవిద్యాలయము, 2018లో మన రాష్ట్రముననే శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయము ప్రైవేటు రంగమున ఉదారవిద్యకై వెలసెను. అచట ఏటి ఖర్చు లక్షలలో నుండును. ఆర్థిక సహాయము ఎంత దొరకునో తెలిసికొనిన పిమ్మటనే దరఖాస్తు పెట్టవలెను. కాని కేంద్రీయ విశ్వవిద్యాలయములలో ఫీజు అంతకంటె ఎన్నో రెట్లు తక్కువ. 2022 నుండి వానిలో డిగ్రీ ప్రవేశమునకు సి.యు.ఇ.టి. అను ఉమ్మడి పరీక్ష జరుగుచున్నది. దానిని తెలుగులో కూడ వ్రాయవచ్చును. ఈ సంగతి తెలియక ఎందరు పిల్లలు దరఖాస్తే పెట్టుటలేదో ఆలోచింపుడు.

ఇచట ఇంకొక మాట చెప్పక తప్పదు. మన ఇండ్లలో కుమారునికి అప్పుచేసి ఇంజనీరింగు, కుమార్తెకు దగ్గరలోని బి.ఏ. అను పంపకము తరచు కనబడుచున్నది. బి.ఏ. తక్కువ చదువని నేననను. కాని చదువును ఎన్నుకొనవలసినది బిడ్డ అభిరుచినిబట్టి, శక్తినిబట్టి. కట్నపు లెక్కనుబట్టి కాదు.

మూడవది ఆర్జన. కళాశాల ప్రకటనలో సగటు జీతము ముప్పదివేలని యుండును. పదిమందిలో తొమ్మండుగురికి నెలకు పదునైదువేలు, ఒక్కనికి 1,65,000 వచ్చినను సగటు ముప్పదివేలే. కనుక సగటును అడుగకుడు. వరుసలో నడుమనున్నవానికి ఎంత వచ్చినదో అడుగుడు. చేరినవారెందరు, ఉత్తీర్ణులెందరు, ఉద్యోగము దొరకనివారిని లెక్కలో చేర్చిరా యని అడుగుడు. గోడమీది బొమ్మలో నవ్వుచున్న విద్యార్థి మీ బిడ్డ కాకపోవచ్చును.

పట్టా చేత నున్నంతమాత్రమున పని దొరకదు. 2022 జూలై మొదలు 2023 జూన్ వరకు కేంద్ర ప్రభుత్వము జరిపిన శ్రామిక సర్వేలో పదునైదేండ్లు, ఆ పైబడిన వారి నిరుద్యోగము 3.2 శాతము, పట్టభద్రులలోనో 13.4 శాతము. చదువు వలన చెడిరని దీని యర్థము కాదు. చదువనివాడు దొరికిన కూలికి పోక తప్పదు. చదివినవాడు తగిన పనికై వేచియుండును. కాని ఆ వేచియుండుటకు అన్నము పెట్టునది ఎవరు? అవనిగడ్డకు పోయి చూడుడు. ఉపాధ్యాయ పరీక్షకై ఎచ్చటెచ్చటినుండియో వచ్చిన యువతీయువకులు అద్దె గదులలో ఏండ్ల తరబడి చదువుచున్నారు. 2025 డి.యస్సీ.లో ఖాళీలు 16,347; అభ్యర్థులు మూడు లక్షలకు పైబడినవారు. ఇరువదిమందికి ఒక్క కుర్చీ. డిగ్రీ ఖర్చు లెక్కించునపుడు ఈ గది అద్దెను కూడ కలుపుకొనవలెను.

మరి ఆర్ట్సు చదువు వ్యర్థమా? తొందరపడి తీర్పు చెప్పరాదు. 2020లో అమెరికాలోని జార్జిటౌను విశ్వవిద్యాలయమువారు లిబరల్ ఆర్ట్స్ కళాశాలల లెక్క తీసిరి. చేరిన పదియేండ్లకు చూడగా ఖర్చుపోను మిగులు 62,000 డాలర్లు. ఇది తక్కిన కళాశాలలకంటె తక్కువ. నలుబదియేండ్లకు చూడగా 9,18,000 డాలర్లు. ఇది అన్ని కళాశాలల మధ్యస్థముకంటె సుమారు రెండు లక్షలు ఎక్కువ. ఆ దేశపు లెక్క మనకు యథాతథముగా వర్తింపదు. కాని అందలి సారము మన రైతులకు తెలిసినదే. మినుము డెబ్బది, ఎనుబది దినములలో చేతికి వచ్చును; మామిడికి ఏండ్లు కావలెను. చక్కగా చదువుట, వ్రాయుట, నలుగురిలో మాటలాడుట, ఒక విషయమును అటునిటు తూచుట నేర్పిన చదువు ఆలస్యముగా కాచును, చిరకాలము కాచును. అయితే మామిడి నాటినవాడు కాపు వచ్చువరకు నడుమ అంతరపంట వేసికొనును. అట్లే బి.ఏ. చదువు బిడ్డకు కంప్యూటరు, గణకశాస్త్రము, ఇంగ్లీషు, ఏదో ఒక చేతిపని తోడు కావలెను. జాతీయ కళాశాల స్థాపకులు 1910లో తలచినది ఇదియే. అమెరికాలోని బెరియా కళాశాల 1892 నుండి విద్యార్థులయొద్ద బోధన రుసుము తీసికొనదు. ప్రతి విద్యార్థియు కళాశాలలో పనిచేయవలెను. అచట పుస్తకమును, పనియు ఒకే కప్పు క్రింద నిలిచినవి.

కావున నా మాట సంక్షేపముగా ఇది. ఇరుకు ద్వారమును చూచి మురియకుడు. విశాల ద్వారమును చూచి చులకన చేయకుడు. అప్పు తీర్చగలమా యని ముందు లెక్కించుడు. లోపల పాఠము జరుగుచున్నదా యని ఒక పనిదినమున పోయి కన్నులార చూడుడు. నడిమివాని జీతమెంతో అడుగుడు.

ఈ సభకు ఒక విన్నపము. ఈ గ్రంథాలయమున ఒక లెక్క పుస్తకము తెరువుడు. మన గ్రామమున డిగ్రీ పూర్తిచేసిన ప్రతివారును పేరు వ్రాయకుండ అందు ఆరు సంగతులు వ్రాయవలెను: చదివిన కళాశాల, చదువు, మొత్తము ఖర్చు, అందులో అప్పు, పని దొరకుటకు పట్టిన నెలలు, మొదటి జీతము. అయిదేండ్లకు మరల వచ్చి అప్పటి జీతమును చేర్చవలెను. ఓడినవారు కూడ వ్రాయవలెను. వారి పంక్తియే అన్నిటికంటె విలువైనది. కళాశాలలు అచ్చువేయు ప్రకటనలకు మన పల్లె ఇచ్చు సమాధానము అది. వచ్చే వేసవిలో ఫలితములు చేతబట్టుకొని వచ్చిన బిడ్డకు, పొలము పత్రములు చేతబట్టుకొని వచ్చిన తండ్రికి, ముందుగా ఆ పుస్తకము చూపుడు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ లెక్క పుస్తకము నిండవలెనని కోరుచున్నాను.