వేడి షేర్వా, ప్లాస్టిక్ కవరు

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన తుంగతుర్తి వాళ్లకు ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. పాత నల్లగొండ జిల్లాలో వంగిన నడుములు, గారపట్టిన పళ్లు చూస్తూనే మేమంతా పెరిగాం. కంటికి తేటగా కనిపించే నీళ్లలోనే ఆ విషం ఉందని చెప్పింది కొలతే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని తెలిశాకే జాగ్రత్త మొదలైంది.

ఈ రోజు మేము చెప్పదలచింది అంతకన్నా చాలా చిన్న కొలత. కొన్ని ప్లాస్టిక్‌లు మెత్తగా వంగడానికి థాలేట్లు కలుపుతారు. గట్టి పాలికార్బనేట్ సీసాల తయారీకి బిస్ఫినాల్-ఏ వాడతారు. వేడి, నూనె తగిలితే ఇవి కొద్దికొద్దిగా ఆహారంలోకి దిగుతాయి. శరీరం వీటిని మార్చి, చాలావరకు ఒకటి రెండు రోజుల్లోనే మూత్రంలో పంపేస్తుంది. అందుకే శాస్త్రజ్ఞులు ఎక్కువగా మూత్రాన్ని పరీక్షిస్తారు. లెక్క మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఉంటుంది. 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు 200 వరసగా నిలబెట్టి, అన్నిటికీ కలిపి ఒక్క గ్రాము ఉప్పు పంచితే ఎంతో, మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము అంటే అంత.

ఇందులో ఒక చిక్కుంది. నమూనా పట్టిన డబ్బా, గొట్టం ప్లాస్టిక్‌వైతే వాటిలోంచే రసాయనం దిగి లెక్క తప్పుతుంది. అందుకే శుద్ధమైన నీటిని కూడా అదే పద్ధతిలో పరీక్షించి సరిచూస్తారు. థాలేట్ల విషయంలో శరీరం మార్చిన రూపాన్నే వెతుకుతారు.

ఇవి హార్మోన్ల పనికి అడ్డుపడతాయన్నదే భయం. గర్భిణులకు, పసిపిల్లలకు మరింత జాగ్రత్త కావాలి. పాల సీసాల్లో బిస్ఫినాల్-ఏ వద్దని మన దేశ ప్రమాణాల్లో 2015లోనే చేర్చారు. అన్ని ప్లాస్టిక్‌లలోనూ ఇవి ఉండవు, నిజమే. కానీ కవరు చూసి అందులో ఏముందో మనలో ఎవరం చెప్పగలం?

పోయిన రంజాన్‌లో ఇఫ్తార్‌కు మేమే నిలబడి పొగలు కక్కే షేర్వాను కవర్లలో కట్టి ఇచ్చాం. వరసలో ఉన్న మా బడి పిల్ల, “సార్, క్లాసులో వద్దన్నారు కదా?” అంది. మాకు జవాబు దొరకలేదు.

ఆ జవాబు ఈసారి మీరే ఇవ్వాలి. గిన్నె తెచ్చుకున్నవారికి గిన్నెలోనే వడ్డిద్దాం. తెచ్చుకోలేని ఇంటికి సొసైటీ తరఫున మూతున్న స్టీలు డబ్బా ఒకటి ఇద్దాం. ఒకసారి ఇస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. మన ఇంట్లో పిల్లలకు పెట్టడానికి వెనకాడేది పేదవాడి చేతిలో పెట్టకపోవడమే సదకాకు మర్యాద.