నీట మునిగిన వరియు, కంప్యూటరును



“మా అబ్బాయి కంప్యూటరు నేర్చిన చాలును; వానికి జీవశాస్త్రముతో ఏమి పని?” అని మీలో పలువురు మమ్ము అడుగుచున్నారు. దీనికి సమాధానము మన ఒడిశా పొలములందే యున్నది గనుక, ఆ సంగతినే నేడు మనవి చేయదలచితిమి.

పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన స్థానము 1982లో విడుదల చేసిన స్వర్ణ వరిని మనలో ఎరుగనివారు అరుదు. దిగుబడి మెండు. కాని రెండు వారములు వరదనీట మునిగినచో పైరు దక్కదు. మునిగిన వరి నీటిపైకి తల యెత్తవలెనని ఆత్రముగా సాగును. ఆ సాగుటలో దాచుకొన్న బలమంతయు వ్యయమై, నీరు తీసిన పిదప కూలిపోవును. ఒడిశా దేశవాళీ వరి నుండి ఏరి తీసిన ఎఫ్.ఆర్. 13ఎ అను రకము మాత్రము, ఊపిరి బిగబట్టినట్లు నీటి అడుగున ఎదుగుదల మాని, నీరు తగ్గగానే మరల చిగురించును.

దీనికి మూలమైన జన్యువు సబ్1ఎ అని 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇది ఇతర జన్యువులను మేల్కొలుపుటకును, నిద్రపుచ్చుటకును ఆజ్ఞలిచ్చు జన్యువు. బడిలో గంట కొట్టువాని వంటిది. గంట విని ఏ తరగతులు లేచినవి, ఏవి కూర్చున్నవి అని తెలియుట ఎట్లు?

వరిలో జన్యువులు ముప్పది వేలకు పైగా గలవు. వాని లిపి సుమారు 39 కోట్ల అక్షరములు. మన దేశముతో సహా పలు దేశములవారు కలసి దానిని చదివి 2005లో వెల్లడించిరి. జన్యువు పని చేయునపుడు దానికి ఆర్.ఎన్.ఎ. అను నకలు తయారగును. సబ్1ఎ ఉన్న వరిని, అది లేని అదే వరిని నీట ముంచి, నకళ్లను లెక్కించి, రెండు పట్టికలను కంప్యూటరుతో పోల్చుదురు. 2010లో వెలువడిన ఇట్టి పరిశీలనలో సుమారు 900 జన్యువులు సబ్1ఎకు లోబడినవిగా కనబడెను.

పిమ్మట ఆ జన్యువుల ముందుభాగములందు, ఆజ్ఞ వచ్చి అంటుకొను గురుతును వెదకుదురు. సబ్1ఎ కుటుంబమునకు తగిన గురుతులలో జి-సి-సి-జి-సి-సి ఒకటి. చిక్కంతయు ఇచటనే. నాలుగే అక్షరములున్న లిపిలో ఆరక్షరముల మాట సుమారు 4096 స్థానములకు ఒకమారు ఊరకయే తటస్థించును. ఎనిమిదవ తరగతి బాలుడు చేయగల లెక్క ఇది! గురుతు కనబడినంత మాత్రమున ఆజ్ఞ అందినదని చెప్పరాదు. కంప్యూటరు అనుమానితుల జాబితా నిచ్చును. రుజువు మొక్కలో చూడవలసినదే. మొక్క నెరుగనివానికి ఆ జాబితా వట్టి అంకెలే.

స్వర్ణతో సబ్1ఎను సంకరము ద్వారా కలిపి, తరతరమున జన్యు గురుతులను చూచి మొక్కలను ఏరి, స్వర్ణ-సబ్1 అను రకమును సిద్ధము చేసిరి. అది 2009లో మన దేశమున విడుదలయ్యెను. ఐనను ఎఫ్.ఆర్. 13ఎ విత్తనమును దాచియుంచిన వారు లేకున్న, పోల్చుటకు కంప్యూటరునకు ఏమి దొరికియుండును?

వచ్చు సంవత్సరము కంప్యూటరు, జీవశాస్త్రముల గంటలను కలిపి ఎనిమిదవ తరగతిచే ఈ అక్షరముల లెక్క చేయింపదలచితిమి. మీ ఇండ్లలో పాత వరి విత్తనములున్న యెడల, పేరును, పండించిన ఊరును కాగితముపై వ్రాసి, పిల్లల చేత గుప్పెడు గింజలు పంప ప్రార్థన.