మడత బల్లకు సర్వీసు రిజిస్టరు



హిందూపురంలో మా యింట్లో రెక్కలు దించే పాత గుండ్రటి బల్ల ఒకటుంది. పెనుకొండలో మా అన్న కొన్నాడు. ధర్మవరంలో మా అక్కకిచ్చాడు. అక్క పోయాక నా దగ్గరికి చేరింది. అందరూ 'అమెరికా బల్ల' అంటారు.

18వ శతాబ్దంలో అమెరికాలో ఇలాంటివి వాల్‌నట్, చెర్రీ, మహాగని చెక్కలతో చేసేవారు. చెక్క ఎక్కువగా అడ్డంగానే కుంచించుకుంటుంది గనుక, పాత గుండ్రటి బల్ల కొంచెం కోలగా మారుతుంది. టేపుతో కొలిస్తే తెలుస్తుంది. ఎవరు ఎవరికిచ్చారో మాత్రం టేపు చెప్పదు.

ఇప్పుడు అన్న కొడుకు, అక్క కూతురు ఇద్దరూ అడుగుతున్నారు. అన్న వాడుకోమని ఇచ్చాడా, కానుకగానా? తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. కానుకగానే ఇచ్చాడు. అదే రాసి, ఇద్దరి ముందు సంతకం చేసి, బల్ల అడుగున అంటించాను.

మన ఉద్యోగానికి సర్వీసు రిజిస్టరు ఉండేది. ఇంటి వస్తువుకు మనమే రిజిస్టరు. ఓపిక ఉండగానే రాసిపెట్టండి. సెలవు.