ఆవిరి ఏనుగుకు ఆడిట్ అభ్యంతరం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చెప్పవలసినదంతా చెప్పారు. ‘విశ్రాంత జీవితంలో నా వ్యాపకం’ అనే విషయం మీద కాసేపు మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నా వ్యాపకం ఏమిటో వింటే మీలో కొందరికి నవ్వొస్తుంది. నవ్వండి, తప్పు లేదు. మా ఇంట్లోనూ మొదట నవ్వారు. లోకంలో ఎక్కడా లేని రైలింజన్లను తయారుచేయడం నా వ్యాపకం.

నేను 36 సంవత్సరాలు ట్రెజరీ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. బిల్లులు చూడడం, కూడికలు సరిచూడడం, తప్పుంటే అభ్యంతరం రాసి వెనక్కి పంపడం, ఇదే నా ఉద్యోగం. ఇప్పుడు నా వయసు 74. మా ఆవిడ కాలం చేశాక సాయంత్రాలు గడవడం కష్టమైంది. అప్పుడు మా అమ్మాయి కొడుకు తన పాత కంప్యూటరు నాకు ఇచ్చి, అందులో ‘ఓపెన్ రైల్స్’ అనే ప్రోగ్రాము పెట్టి వెళ్లాడు. దీనిని ట్రైన్ సిమ్యులేటరు అంటారు. తెర మీద రైలు మార్గం, స్టేషన్లు, సిగ్నళ్లు కనబడతాయి. మనం డ్రైవరు సీట్లో కూర్చున్నట్టుగా రెగ్యులేటరు తెరవాలి, బ్రేకు వేయాలి. వివిధ దేశాల ఔత్సాహికులు కలిసి రాసిన ప్రోగ్రాము ఇది. దీనికి డబ్బు కట్టనక్కరలేదు. 2001లో మైక్రోసాఫ్టు వారు విడుదల చేసిన ట్రైన్ సిమ్యులేటరు కోసం తయారైన మార్గాలు, బండ్లు ఇందులోనూ నడుస్తాయి.

ఇందులో ఇంజను తయారుచేయడమంటే రెండు పనులు. మొదటిది ఆకారం. దానిని ‘బ్లెండర్’ అనే మరో ఉచిత ప్రోగ్రాములో చేస్తారు. నేను కాగితం మీద గీసి పంపితే మా మనవడు సెలవుల్లో ఆ ఆకారం చేసిపెడతాడు. రెండవది అంకెలు. ప్రతి ఇంజనుకూ ఒక ఫైలు ఉంటుంది. మన సర్వీసు రిజిస్టరు లాంటిదనుకోండి. బరువెంత, చక్రం కొలతెంత, సిలిండర్లెన్ని, బాయిలరు ఒత్తిడెంత, బొగ్గు మండే గ్రేటు ఎన్ని చదరపు అడుగులు, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ అంకెలను బట్టే బండి కదులుతుంది, ఆగుతుంది, గట్టు ఎక్కలేక చతికిలబడుతుంది. ఈ అంకెల పని నాది.

మరి లేని ఇంజన్లు ఎందుకు, ఉన్నవి చాలవా అని మీరు అడగవచ్చు. ‘స్టీమ్‌పంక్’ అని ఒక ఊహా సంప్రదాయం ఉంది. ఆ పేరు పెట్టినవాడు కె.డబ్ల్యు. జీటర్ అనే అమెరికా రచయిత, సంవత్సరం 1987. కరెంటు, పెట్రోలు రాజ్యమేలకుండా ఆవిరి యుగమే ఇంకా సాగి ఉంటే యంత్రాలు ఎలా ఉండేవి అన్నది అందులోని ప్రశ్న. ఇత్తడి గొట్టాలు, రివెట్లు, పళ్ల చక్రాలు, గడియారాల్లాంటి ఒత్తిడి ముళ్లు దాని అలంకారాలు. పేరు కొత్తదే గాని ఊహ పాతది. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1880లోనే ‘ఆవిరి ఇల్లు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక నవల ప్రచురించాడు. అందులో ఉక్కుతో చేసిన ఆవిరి ఏనుగు రెండు చక్రాల ఇళ్లను లాక్కుంటూ కలకత్తా నుంచి హిమాలయాల వైపు రోడ్డు మీద ప్రయాణం చేస్తుంది. అంటే ఈ వింత ఊహ మన దేశపు నేల మీద అప్పుడే నడిచింది.

ఊహ దాకా ఎందుకు, నిజంగా జరిగినవే వింతగా ఉంటాయి. ఇంగ్లండులో విలియం బ్రంటన్ అనే ఇంజనీరు 1813లో, ఇనుప చక్రాలు ఇనుప పట్టాల మీద జారిపోతాయన్న భయంతో, వెనుక నుంచి రెండు కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయే ఇంజను చేశాడు. 1815లో దాని బాయిలరు పేలి మనుషులు చనిపోయారు. మన పటియాలా సంస్థానంలో 1907 నుంచి 1927 వరకు ఒంటి పట్టా రైలు నడిచింది. బరువంతా ఆ పట్టా మీద, బండి పక్కకు ఒరగకుండా ఒకవైపు రోడ్డు మీద నడిచే పెద్ద చక్రం. దాని ఇంజను ఢిల్లీ రైల్వే మ్యూజియంలో ఉంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బొగ్గు దొరకక స్విట్జర్లాండువారు కొన్ని ఆవిరి ఇంజన్లకు పైన కరెంటు తీగ తగిలించి, కరెంటుతో నీళ్లు కాచి ఆవిరి పుట్టించారు. ఇవన్నీ చదివాక నేను కూడా ఒక ఏనుగును పట్టాల మీదకు ఎక్కిద్దామనుకున్నాను.

నా ఇంజను పేరు గజరాజు. పైకెత్తిన తొండమే పొగగొట్టం. కుంభస్థలం మీద ఇత్తడి గుమ్మటం. చెవులు పొగను పక్కకు మళ్లించే రేకులు. లాగే చక్రాలు ఆరు, సిలిండర్లు మూడు. అందం కోసం పొట్ట సన్నగా గీశాను. అంబారీ స్థానంలో డ్రైవరు గది. అదీ చిన్నదే, డ్రైవరుకూ ఒక్క ఫైర్‌మన్‌కూ సరిపోయేంత.

లాగుడు శక్తికి ఒక పాత సూత్రం ఉంది. సిలిండరు వ్యాసాన్ని దానితోనే గుణించి, స్ట్రోకుతోను, ఆవిరి ఒత్తిడితోను గుణించి, చక్రపు వ్యాసంతో భాగించి, అందులో 85 శాతం తీసుకుంటే రెండు సిలిండర్ల ఇంజను శక్తి పౌండ్లలో వస్తుంది. మనమంతా ఎక్కి తిరిగిన మెయిలు బండ్ల డబ్ల్యు.పి. ఇంజనుకు వేసి చూశాను. సిలిండరు 20¼ అంగుళాలు, స్ట్రోకు 28, ఒత్తిడి 210, చక్రం 67. సుమారు 30,600 వచ్చింది. పుస్తకాల్లోనూ అంతే ఉంది. ఆ సంతోషంతో గజరాజుకు 16 అంగుళాల సిలిండరు, 24 స్ట్రోకు, 180 ఒత్తిడి, 60 అంగుళాల చక్రం పెట్టాను. మూడు సిలిండర్లు గనుక ఒకటిన్నర రెట్లు. మొత్తం 23,500 పౌండ్లు, అంటే పది టన్నుల పైచిలుకు. లాగే చక్రాల మీద బరువు 48 టన్నులు. అందులో నాలుగో వంతు మించితే చక్రం జారుతుందంటారు. 12 టన్నుల లోపే ఉంది గనుక ఆ అభ్యంతరమూ లేదు.

పరీక్షకు ఇంగ్లండులోని సెటిల్–కార్లైల్ మార్గం ఎంచుకున్నాను. మైక్రోసాఫ్టు వారి పాత డిస్కులో వచ్చిన మార్గాల్లో అదొకటి. 1876లో ప్రయాణికులకు తెరిచిన లైను. సెటిల్ దాటాక సుమారు 15 మైళ్లు దాదాపుగా ప్రతి 100 అడుగులకూ ఒక అడుగు ఎక్కుతూనే పోవాలి. దానిని అక్కడివారు ‘లాంగ్ డ్రాగ్’ అంటారు. 300 టన్నుల పెట్టెలు తగిలించి గజరాజును వదిలాను. రెండు మైళ్లు హుందాగా ఎక్కింది. తరువాత ఆవిరి ముల్లు 180 నుంచి 140కి, 100కి దిగింది. బండి ఆగిపోయింది.

ఇప్పుడు మీ అందరి ముందు ఒక తప్పు ఒప్పుకుంటున్నాను. ఆ ఫైలులో బాయిలరు ఒక్కో చదరపు అడుగుకు గంటకు ఎంత ఆవిరి పుట్టిస్తుందో చెప్పే అంకె ఒకటి ఉంది. దానిని మూడింతలు చేశాను. అంతే, గజరాజు 40 కిలోమీటర్ల వేగంతో గట్టెక్కి, 24 కమానుల రిబుల్‌హెడ్ వంతెన మీదుగా దర్జాగా పోయింది. ఎవరు చూడొచ్చారు అనుకున్నాను.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. వయసు 84. బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరై రిటైరయ్యారు. గ్లాకోమా వల్ల రెండు కళ్లూ పోయాయి. చూపు పోయాక గడప దాటడం మానేశారు, మాటా తగ్గించారు. నా ఇంజను శబ్దం వినిపిద్దామని వాళ్లబ్బాయిని బతిమాలి ఒకరోజు మా ఇంటికి తీసుకొచ్చాను. కుర్చీలో కూర్చోబెట్టి బండి కదిలించాను. ఆయన బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ విన్నారు.

“సిలిండర్లెన్ని స్వామీ?” అన్నారు.

“మూడండీ.”

“మూడైతే చక్రం ఒకసారి తిరిగేసరికి ఆరు దెబ్బలు పడాల. ఒక్కోదానికి రెండు లెక్కన. నాకు నాలుగే వినబడతా ఉండాయి.”

నిజమే. రెండు సిలిండర్ల ఇంజను శబ్దం తెచ్చి దీనికి అతికించాను. కళ్లున్న నేను ఆరు నెలలుగా గమనించలేదు. ఆయన అంతటితో ఆగలేదు.

“గట్టు ఎక్కతా ఉంది గదా, ఆవిరి ముల్లు ఎక్కడుంది?”

“180 దగ్గరే ఉందండీ.”

“గ్రేటు ఎంత?”

“12 చదరపు అడుగులు.”

“బొగ్గేసేది ఎందరు?”

“ఒక్కడే.”

కాసేపు ఏమీ అనలేదు. తరువాత నెమ్మదిగా అన్నారు. “స్వామీ, నీ ట్రెజరీలో ఇట్టాంటి బిల్లు వస్తే పాస్ చేస్తావా?”

సర్వీసులో ఆడిట్‌వారు నన్ను ఎన్నో అడిగారు. ఏ అభ్యంతరానికీ నా తల అంతగా వంగలేదు. జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు. కాగితం తీయమన్నారు.

ఇద్దరం లెక్క వేశాం. ఇంజనుతో కలిపి బండి 400 టన్నులు. గట్టు వల్ల 4 టన్నుల ఈడుపు, మామూలు రాపిడికి ఇంకో 2 టన్నులు. ఆ 6 టన్నులను 40 కిలోమీటర్ల వేగంతో లాగాలంటే దాదాపు 900 హార్స్‌పవర్ కావాలి. గంటకు ఒక్కో హార్స్‌పవర్‌కు 4 పౌండ్ల బొగ్గనుకుంటే 3,600 పౌండ్లు. చదరపు అడుగుకు గంటకు 100 పౌండ్లు మండించినా నా గ్రేటు మీద 1,200 పౌండ్లే మండుతుంది. అంటే నేను దొంగతనంగా మూడింతలు చేసిన అంకె సరిగ్గా నా అప్పు ఎంతో చూపిస్తోంది.

“పొయ్యి పెంచు, వేగం తగ్గించు” అన్నారు. గ్రేటును 30 చదరపు అడుగులు చేశాం. సన్నటి పొట్ట పోయి పెద్ద బొజ్జ వచ్చింది. చూస్తే అదే బాగుంది. ఏనుగుకు పొట్ట లేకపోతే ఎలా? ఆ తరువాత ఆయన అన్న మాట మాత్రం నేను మరచిపోలేను. “గంటకు 1,350 కిలోల బొగ్గు పారతో ఎత్తిపోయాల. డబ్ల్యు.పి. మీద మేం ఇద్దరం ఫైర్‌మన్లం ఉండేవాళ్లం. ఒకడు పోస్తా ఉంటే ఇంకొకడు బొగ్గు ముందుకు లాగేవాడు. నువ్వు ఏనుక్కి చెవులు గూడా పెట్టావు గానీ దానికి మేత పెట్టేవోడికి నిలబడే చోటు పెట్టలేదు.”

అంబారీని వెడల్పు చేయించాను. ఇద్దరు ఫైర్‌మన్లు నిలబడే చోటు, ఎండ తగలకుండా పైకప్పు, మంచినీళ్ల కుండకు గూడు పెట్టించాను. ఆవిరి అంకెను మొదటి చోటికి తెచ్చాను. శబ్దం ఆరు దెబ్బలకు మార్చాను. ఈ పనులన్నిటికీ నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ పెద్దాయన వారానికి రెండుసార్లు మా ఇంటికి వచ్చారు. గడప దాటని మనిషి ‘ఏనుగు ఎందాకా వచ్చింది’ అని అడుగుతున్నారని వాళ్లబ్బాయి చెప్పాడు.

చివరి పరీక్ష రోజున గజరాజు 32 కిలోమీటర్ల వేగంతో లాంగ్ డ్రాగ్ ఎక్కింది. ముల్లు 170కి దిగింది, అక్కడే నిలిచింది. దాదాపు ముప్పావు గంట ఇద్దరం మాట్లాడుకోలేదు. వంతెన మీదకు వచ్చామని చెప్పాను. ఆయన తల పక్కకు వంచి విని, “ఇప్పుడు ఊపిరి సక్రమంగా ఆడతా ఉంది” అన్నారు. నా బిల్లు పాసైంది.

మిత్రులారా, ఊహ గనుక లెక్క అక్కరలేదని నేను అనుకున్నాను. అది పొరపాటు. లేని ఇంజనైనా ఉన్న బరువునే లాగాలి, ఉన్న గట్టునే ఎక్కాలి. దానిలో బొగ్గు పోసేవాడు కూడా మనిషే. ఆ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, పార పట్టిన మనిషి చెప్పాడు.

అందుచేత కార్యవర్గానికి నాదొక మనవి. మన సభ్యుల్లోను, మన వీధుల్లోను ఇలాంటివారు ఇంకా ఉన్నారు. చేతి లెక్కతో కాలువలు కొలిచినవారు, గొలుసు పట్టి పొలాలు సర్వే చేసినవారు, మోర్సులో తంతి కొట్టినవారు ఉన్నారు. వారు చేసిన పని వారి మాటల్లోనే రికార్డు చేద్దాం. వారి దగ్గర కూర్చుని అడిగేవారు కావాలి, అంతే. మీ ఇళ్లలోని మనవలకు ఈ పని అప్పగించండి. కంప్యూటరు సంగతి వారు చూసుకుంటారు, తప్పు పట్టే సంగతి మన పెద్దలు చూసుకుంటారు.

గజరాజును చూడదలచినవారు ఏ సాయంత్రమైనా మా ఇంటికి రావచ్చు. మంగళవారం, శనివారం వస్తే డ్రైవరుగారు కూడా ఉంటారు. అయితే సిలిండర్లెన్నో ముందుగా ఆయనకు చెప్పకండి, విని ఆయనే చెబుతారు.