నల్లరేగడిలో మట్టిసంచుల గోడకు పునాది

ఆదిలాబాద్ పత్తి చేలలో, కరీంనగర్ వైపు చాలా ఊళ్లలో ఉన్నది నల్లరేగడి. ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పైనున్న గోడ దానితోపాటే లేచి, కుంగి, చివరికి పగులుతుంది. ఇరాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ వాస్తుశిల్పి నాదెర్ ఖలీలీ ప్రచారంలోకి తెచ్చిన మట్టిసంచుల గోడలకైనా ఈ గండం తప్పదు.

అందుకే ముందు గొయ్యి తవ్వి చూడండి. రేగడి పలచగా ఉంటే మొరం తగిలేదాకా కందకం తీయండి. తీసిన నల్లమట్టిని మళ్లీ నింపకండి. మొరం తడిపి, పలచని పొరలుగా వేసి, దిమ్మిసతో గట్టిగా కొట్టండి. కంకర నింపితే నీరు బయటికి పోయే దారి ఉంచండి. లేకుంటే కందకమే నీటితొట్టి అవుతుంది. నేలమట్టం నుంచి అడుగు ఎత్తు వరకు కంకర సంచులే పేర్చండి, తేమ పైకి పాకదు. ఆపైన మట్టిసంచులు, వరుసల మధ్య ముళ్లతీగ.

రేగడి బాగా లోతుగా ఉంటే ఇంజినీరును తప్పక అడగండి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాల పునాదిని రూపొందించింది. తేమ అంతగా మారని లోతుకు, సాధారణంగా 3.5 మీటర్లకు, వాటిని దించుతారు.

ఇంటి చుట్టూ వాలుగా గచ్చు చేయించి, వాననీటిని దూరంగా పారనీయండి. పునాది పని వానలకు ముందే ముగించండి.